సున్నా నీళ్ళ సీసా

మా పిన్ని ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని పలకరించదు. గుమ్మంలో చెప్పులు విప్పి, బకెట్టు ఒక పక్కన పెట్టి, నేరుగా చేపల తొట్టె దగ్గరికి వెళ్ళి, మూత నాలుగు వేళ్ళంత పైకెత్తి వాసన చూస్తుంది. ఆ తర్వాతే "బాగున్నారా అండీ" అని వెనక్కి తిరుగుతుంది. కొత్తవాళ్ళు బిత్తరపోతారు. పాతవాళ్ళు "ఏం, ఉప్పు సరిపోయిందా?" అని నవ్వుతారు.

బాగున్న తొట్టెకి వాసన ఉండదు. ఉన్నా, తడిసిన రాయి వాసన అంతే. లోపల ఏదైనా చచ్చి ఉంటే కంటికంటే ముందు ముక్కుకి తెలుస్తుందని ఆమె నమ్మకం. పళ్ళ డాక్టరుగారి క్లినిక్కులో రాళ్ళ వెనక చచ్చి పడున్న నత్తని అలాగే పట్టుకుంది. డాక్టరుగారు అప్పటికి రెండు రోజులుగా ఆ వాసన పేషెంట్లదే అనుకుంటున్నారట.

ఊళ్ళో పదకొండు చోట్ల ఆమె చూసే తొట్టెలున్నాయి. అన్నీ ఉప్పునీటివే. గాజుపెట్టెలో చిన్న సముద్రం పెట్టి, అందులో పగడాలు పెంచుకునే సరదా ఉన్నవాళ్ళవి. మంచినీళ్ళ చేపల్ని ఎవరైనా పెంచగలరు. పగడం అలా కాదు. చూడడానికి పువ్వులా ఉంటుంది, తిండి జంతువులా తింటుంది, కోపమొస్తే రాయిలోకి ముడుచుకుపోతుంది. "అచ్చం మీ బాబాయే" అంటుంది పిన్ని.

బాబాయికి గాజు కోసే షాపుంది. కిటికీ అద్దాలు, షోకేసులు, చేపల తొట్టెలు చేస్తాడు. పెళ్ళయిన కొత్తలో పిన్ని ఆ షాపులోనే కూర్చునేది. ఆయన పలకలు నిలబెడితే ఈమె అంచుల్లో సిలికాన్ పూసి వేలితో నున్నగా లాగేది. ఆమె లాగిన అతుకు ఒక్కటీ ఇంతవరకు కారలేదు. ఆ మాట బాబాయి అందరితోనూ అంటాడు, పిన్నితో తప్ప. ఆయనకి చేపలంటే భయం. వలలో చేప గిలగిల్లాడితే గాజు పలక వదిలేసి బయటికి పరిగెత్తిన మనిషి.

"సముద్రంలో ఉండాల్సినవి సముద్రంలో ఉండాలి. పట్టుకొచ్చి హాల్లో పెట్టుకుని, మళ్ళీ వాటికో నర్సుని పెట్టుకోవడం ఏంటే?" అంటాడు.

"ఆ నర్సే లేకపోతే నీ తొట్టెలు కొనేదెవరయ్యా?"

"నీళ్ళు నీ డిపార్టుమెంటు. గాజు నాది. నేను మధ్యలో రాను."

ఆమె ఈ పనిలోకి రావడం ఓడ తాతగారి వల్ల జరిగింది. ఆయన ముప్పై ఏళ్ళు సరుకు ఓడల్లో ఇంజన్లు చూసిన మనిషి. మోకాళ్ళు పోయి ఇంట్లో కూర్చోవాల్సి వచ్చాక, సముద్రాన్నే ఇంటికి తెప్పించుకుంటానని బాబాయి దగ్గర ఆరడుగుల తొట్టె చేయించుకున్నాడు. తొట్టె దింపడానికి వెళ్ళినప్పుడు పిన్ని కూడా వెళ్ళింది. అతుకులు చూస్తూ ఉంటే తాతగారు అడిగాడట, "అమ్మాయ్, నీ చెయ్యి వణకదు. వారానికోసారి వచ్చి ఇందులో చెయ్యి పెడతావా? నావి వణుకుతున్నాయి." అది తొమ్మిదేళ్ళ కిందటి మాట. పంపు ఎందుకు, నురుగు తీసే స్కిమ్మర్ ఎందుకు, దీపాలు ఎంత ఎత్తులో ఉండాలి, అన్నీ ఆయన కుర్చీలో కూర్చుని చెప్పేవాడు, ఈమె నిచ్చెన మీద నిలబడి చేసేది. ఇద్దరూ కలిసి మొదటి ఏడాది చంపిన చేపల లెక్క ఇద్దరూ ఎవరికీ చెప్పరు.

ఆ తొట్టె మధ్యలో ఒక కొమ్మల పగడం ఉంది. ఒక్కో కొమ్మ చివరా ఆకుపచ్చటి గుత్తి, నీటి పోటుకి ఊగుతూ ఉంటుంది. తెచ్చినప్పుడు రెండే కొమ్మలు. ఇప్పుడు పెద్ద కాలీఫ్లవర్ అంత అయింది. పిన్ని దాన్ని "పెద్దకూతురు" అంటుంది. ఆమెకి పిల్లల్లేరు. అయినా ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతులో బాధేమీ ఉండదు, పని మాట లాగే అంటుంది.

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసి పిన్ని దగ్గరికి వచ్చి ఆరేళ్ళయింది. గాజు గొట్టాల్లో మందు చుక్కలు వేసి రంగు చూసి అంకె చెప్పడం, నోటుబుక్కులో రాయడం, బకెట్లు మొయ్యడం నా పని. మాట్లాడడం ఆమె పని.

ఆమెకి కొన్ని పట్టింపులున్నాయి. వారానికి ఒకటే మార్పు. పంపు మారిస్తే ఆ వారం దీపం ముట్టదు. దీపం పెంచితే కొత్త చేప తేనివ్వదు. "రెండు కలిపి చేస్తే, ఏది చంపిందో ఎవరు చెప్తారు? చేప చెప్తుందా?" అంటుంది. ఆవిరైపోయిన నీటి బదులు ఉప్పు లేని నీళ్ళే పొయ్యాలి, ఎందుకంటే ఆవిరైంది నీళ్ళు, ఉప్పు ఎక్కడికీ పోలేదు. ఇది ప్రతి కొత్త ఇంట్లోనూ మూడేసి సార్లు చెప్తుంది. కొత్త ఉప్పునీళ్ళు ఒక రోజంతా డ్రమ్ములో తిరిగితే తప్ప తొట్టెలోకి పొయ్యదు. కరెంటు పోతే గాలి కొట్టడానికి బ్యాటరీ పంపు ప్రతి ఇంట్లోనూ ఉండాలి, ఖరీదైన దీపాలు తర్వాత కొనుక్కోవచ్చు. డాక్టరుగారు ఒకసారి ఎక్కడో చూసి అలలు పుట్టించే పంపులు ఐదు కొనేశారు. అన్నీ ఒకేసారి వేస్తే ఇసుకంతా లేచి తుఫానులా అయింది. "చేపలకి పళ్ళు లేవండీ, ఇంత పుక్కిలింత ఎందుకు?" అంది పిన్ని. ఆయన నవ్వి మూడు తీసేశారు.

అన్నిటికంటే పెద్ద పట్టింపు కొలతది. నీళ్ళలో ఉప్పెంతుందో చూసే పరికరం ఒకటుంది. వేలెడు కంటే కొంచెం పొడుగ్గా, దుర్భిణిలా ఉంటుంది. ఒక చివర గాజు మీద డ్రాపరుతో రెండు చుక్కల నీళ్ళు వేసి, మూత నొక్కి, వెలుగు వైపు పట్టుకుని రెండో చివర నుంచి చూస్తే నీలం, తెలుపు కలిసేచోట గీత, ఆ గీత పక్కన అంకె. సముద్రానికి ముప్పై అయిదు. కొలిచే ముందు ఉప్పు బొత్తిగా లేని నీళ్ళు వేసి, గీత సున్నా మీద నిలిచేలా చిన్న మర తిప్పాలి. చాలామంది నెలకోసారి తిప్పుతారు. పిన్ని ప్రతి ఇంట్లోనూ తిప్పుతుంది. దానికోసం సంచీలో ఒక సీసా. ఆర్వో ఫిల్టరు నీళ్ళు. "సున్నా నీళ్ళు" అంటాం. అరిచెయ్యంత సీసా. సగమైతే నేను ఇంట్లో నింపి పెట్టేదాన్ని.

ఓడ తాతగారి కోడలు గురించి చెప్పాలి. ఆవిడ ఒక పెద్ద ఆఫీసులో నలభైమందిని నడిపిస్తుంది. ఇంట్లోనూ అలాగే గబగబా, మర్యాదగా మాట్లాడుతుంది. మామగారు ఏడాది కిందట ఒంట్లో బాగోక ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. అదే సమయంలో పిన్నికి జ్వరం వచ్చింది. చేపలు బతికాయి కానీ ఆవిడకి భయం పట్టుకుంది.

"అక్కా, మీ పని మీద నాకు అనుమానం లేదు. కానీ మీకు జ్వరమొస్తే ఈ తొట్టె గతేంటి? ఒక మనిషి మీద ఇంత ఆధారపడకూడదు" అంది.

అందుకని ఒక కంట్రోలర్ పెట్టించింది. తొట్టె కింద అరలో నల్లటి డబ్బా, దానినుంచి నీళ్ళలోకి నాలుగు వైర్లు. నీటి వేడి, ఉప్పు, అన్నీ ఆవిడ ఫోనులో కనిపిస్తాయి. ఆవిరైన నీటిని తనంతట తానే నింపే పంపు కూడా వచ్చింది. పాత ట్యూబులు తీసి కొత్త ఎల్‌ఈడీ దీపాలు పెట్టారు.

పిన్ని మూతి ముడుస్తుందేమో అనుకున్నాను. ముడవలేదు. నీళ్ళు నింపే పంపుని చూసి "ఇది మంచి పని. ఇది నాకంటే నయం, మర్చిపోదు" అంది. దీపాల దగ్గర మాత్రం గట్టిగా పట్టుకుంది. ఒకేసారి పూర్తిగా వెలిగిస్తే పగడం మాడిపోతుంది, మూడో వంతుతో మొదలుపెట్టి వారం వారం పెంచాలని. కోడలుగారు ఒప్పుకుంది.

ఇవన్నీ పెట్టించి మూడు నెలలు. పెద్దకూతురు ముడుచుకోవడం మొదలైంది. గుత్తులు ముందులా విచ్చుకోవడం లేదు. కొమ్మల చివర్లలో తెల్లటి ఎముక కనబడింది. పిన్ని దీపం తగ్గించింది. వారం ఆగింది. మార్పు లేదు. నీటి పోటు తగ్గించింది. ఇంకో వారం. లేదు.

ఒక రోజు మేము వెళ్ళేసరికి కోడలుగారు ఫోను పట్టుకుని తొట్టె దగ్గరే నిలబడి ఉంది.

"అక్కా, ఉప్పు ముప్పై ఎనిమిది దాటిందంటోంది. ముప్పై ఎనిమిది పాయింట్ నాలుగు."

పిన్ని సంచీ తీసింది. సున్నా నీళ్ళు వేసింది, మర తిప్పింది, తుడిచింది, తొట్టె నీళ్ళు వేసి చూసి నాకిచ్చింది. నేను చూశాను. ముప్పై అయిదు. గీత మీద గీత.

"మీ వైరు మీద నాచు పట్టి ఉంటుందండీ. ఓసారి కడిగిస్తే సరి" అంది.

"మొన్ననే కడిగి సరిచేసి వెళ్ళారు, కంపెనీవాళ్ళు."

"నేను పదకొండు ఇళ్ళలో దీంతోనే చూస్తున్నా. అన్నీ ముప్పై అయిదే. పదకొండు తొట్టెలూ కూడబలుక్కుని అబద్ధం చెప్తాయా?"

తాతగారు కుర్చీలోంచి నవ్వాడు. కోడలుగారు నవ్వలేదు. నెమ్మదిగానే చెప్పింది.

"అక్కా, ఆ పగడం చచ్చిపోతే మావయ్యగారు ఆ కుర్చీలోంచి లేవరు. నేను చూస్తూ ఊరుకోలేను. ఒకటో తారీకు నుంచి కంపెనీవాళ్ళకే అప్పచెబుదామనుకుంటున్నా. నెలవారీ వస్తారు, ఏదైనా అయితే వేరే మనిషిని పంపుతారు. మీరేమీ అనుకోకండి."

ఒకటో తారీకుకి పదిహేను రోజులుంది.

కింద స్కూటరు దగ్గర పిన్ని చాలాసేపు తాళంచెవి వెతికింది. అది చేతిలోనే ఉంది. ఆ ఒక్క ఇల్లు పోతే మాకు తిండికి లోటేమీ రాదు. అది నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. కానీ ఆ తొట్టె పోతే మిగతా పదీ ఏదో పని అయిపోతాయి ఆమెకి.

"ఆ డబ్బాకి బుద్ధి చెప్తాను" అంది. "తాతగారికి లెక్క చూపించి మరీ చెప్తాను."

లెక్క ఆమె పాత నోటుబుక్కులో ఉంది. ఎప్పుడో తాతగారే రాయించాడు. ముప్పై ఆరున్నర గ్రాముల వంట ఉప్పు, తొమ్మిది వందల అరవై మూడున్నర గ్రాముల ఉప్పులేని నీళ్ళు. కలిపితే సరిగ్గా కిలో. ఆ నీళ్ళు దుర్భిణిలో ముప్పై అయిదు చూపించాలి. చూపిస్తే పరికరం మంచిది, వాళ్ళ డబ్బా తప్పు. అరగ్రాము పట్టే కాటా బేకరీలో ఉంది. బేకరీ ఆయనది కూడా మా పదకొండు తొట్టెల్లో ఒకటి.

మర్నాడు మధ్యాహ్నం, రద్దీ లేని సమయం చూసుకుని వెళ్ళాం. ఇంటి ఫిల్టరు నుంచి కొత్త క్యానులో నీళ్ళు పట్టుకెళ్ళాం.

"ఏంటమ్మా, మా కేకుల్లో ఉప్పు వేస్తారా?" అన్నాడాయన కాటా తుడిచి ఇస్తూ.

"మీరే ఎక్కువ చక్కెర వేస్తారు, కొంచెం సర్దుదామని."

పిన్ని చెంచాతో ఉప్పు పలుకులు ఒక్కొక్కటీ వేస్తున్నట్టే వేసింది. నేను నీళ్ళు తూచాను. కలిపాం. పూర్తిగా కరిగేదాకా ఆగాం. సీసాలోంచి సున్నా నీళ్ళు వేసి మర చూసుకుంది. గీత సున్నా మీదే ఉంది. తుడిచి, కలిపిన నీళ్ళు వేసి, బేకరీ గుమ్మంలోకి వచ్చి వెలుగుకి పట్టుకుంది.

చాలాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. నాకిచ్చింది.

ముప్పై రెండు కూడా లేదు.

"ఉప్పు తడిగా ఉందేమో" అంది. బేకరీ ఆయన పొయ్యి పక్కన పొడిగా ఉంచుకునే ఉప్పు ఇచ్చాడు. మళ్ళీ తూచాం, మళ్ళీ కలిపాం. అదే. మూడోసారి ఆమె నన్ను తూచమంది, తను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. అదే.

అప్పుడు క్యానులోని కొత్త నీళ్ళు రెండు చుక్కలు నేరుగా గాజు మీద ఒంపింది. ఉప్పు లేని నీళ్ళు. గీత సున్నా మీద ఉండాలి. లేదు. సున్నా కంటే కిందికి, అంకెలు లేని చోటికి జారిపోయింది.

పిన్ని సీసా మూత తీసి సున్నా నీళ్ళు ఒక చుక్క వేలి మీద వేసుకుని నాలుకకి రాసుకుంది.

సీసా నా వైపు చాపింది. నేనూ రాసుకున్నాను. ఉప్పు. కొంచెమే. కన్నీళ్ళంత కూడా లేదు. కానీ ఉప్పే.

అది ఎలా జరిగిందో ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ముందు మా దగ్గర రెండు డ్రాపర్లు ఉండేవి. ఎర్ర దారం కట్టినది సున్నా నీళ్ళకి, దారం లేనిది తొట్టె నీళ్ళకి. ఎనిమిది నెలల కిందట ఎర్ర దారం దాని రబ్బరు చిరిగింది. కొత్తది కొనేదాకా ఒకటే వాడదామంది పిన్ని, మధ్యలో కడుగుతూ. కొన్ని రోజులు నేను కడిగాను. తర్వాత పదకొండు ఇళ్ళ హడావిడిలో విదిలించడం, నొక్కి గాలి ఊదడం, అంతే. పైగా సున్నా నీళ్ళు వృథా చెయ్యకూడదని పిన్ని డ్రాపరులో మిగిలినవి మళ్ళీ సీసాలోకే వదిలేసేది. ప్రతి ఇంట్లో ఒక తడి చుక్క ఉప్పునీళ్ళు సీసాలోకి వెళ్ళేది. సీసా సగమైతే నేను పైన నింపేదాన్ని కానీ, ఏనాడూ మొత్తం ఒంపి కడగలేదు. పిన్ని ఆ నీళ్ళనే సున్నా అనుకుని మర తిప్పేది. దాంతో కొలత ఉన్నదానికంటే తక్కువ చూపించేది, ఆమె కొత్త నీళ్ళలో ఇంకొంచెం ఉప్పు కలిపేది. బద్ధకస్తుడైతే నెలకోసారి కొలిచి వదిలేసేవాడు, సీసా మంచిగానే ఉండేది. ఆమె ప్రతి ఇంట్లోనూ శ్రద్ధగా కొలిచింది కాబట్టే అన్ని తొట్టెలూ కలిసి ఉప్పెక్కాయి.

నేనూ చూస్తూనే ఉన్నాను. ఆ డ్రాపరు రెండింట్లోకీ వెళ్ళడం ఎన్నిసార్లు చూశానో.

"మూడు నెలల కిందట బాబాయి అన్నాడు" అన్నాను. "ఉప్పు మూటలు తొందరగా అయిపోతున్నాయని."

"అన్నాడు. ప్యాకింగులో తక్కువ వేస్తున్నారని నేనే అన్నా." కాటా తుడిచి బేకరీ ఆయనకి ఇచ్చేసింది. "మీ తొట్టెలో కూడా ఉప్పు ఎక్కువుందండీ. తప్పు నాది. రేపటినుంచి రోజూ వచ్చి తగ్గిస్తా."

ఆయన అద్దాల బీరువా పక్కనున్న తన చిన్న తొట్టె వైపు చూశాడు. "బాగానే ఉన్నట్టున్నాయి కదమ్మా?"

"ఉన్నట్టుంటాయి."

సాయంత్రం బాబాయికి చెప్పాం. ఆయన గాజు మీద గీతలు గీసే పెన్సిలు చెవి మీంచి తీసి చేతిలో తిప్పుతూ విన్నాడు.

"దానికేముందే. కొత్త సీసా, కొత్త డ్రాపరు. రోజూ ఒక బకెట్టు తీసి మంచినీళ్ళు పోసెయ్. పదిరోజుల్లో అన్నీ సర్దుకుంటాయి. ఎవరికి తెలుస్తుంది?"

"ఆవిడకి తెలుస్తుంది. ఆ డబ్బాలో అంకె దిగడం కనిపిస్తుంది."

"కనిపించనీ. వైరు కడిగాం, బాగైందని చెప్పు."

"మరి పగడం?"

"కొత్త దీపాలు పడలేదని చెప్పు. నువ్వు మొదట్నుంచీ అదే అంటున్నావు కదా. నిన్ను కాదనేదెవరు?"

పిన్ని పచ్చి అబద్ధాలు ఆడని మనిషేమీ కాదు. చుట్టాలు వస్తున్నారంటే నాచేత జ్వరమని చెప్పించిన సందర్భాలున్నాయి. ఆ మాట ఆమెకి తోచనిదీ కాదు. చాలాసేపు బకెట్టు అంచుకి పట్టిన ఉప్పు గోటితో గీకుతూ కూర్చుంది.

"దీపం మీదకి తోస్తే," అంది చివరికి, "వచ్చే కంపెనీవాడు దీపం ఆర్పేస్తాడు. ఉన్న వెలుగూ పోతుంది దానికి. ఉప్పు సంగతి ఎవడూ చూడడు."

"నీ మర్యాద సంగతి?"

"నీ గాజు కారితే, గోడ వంకర అని చెప్తావా?"

బాబాయి పెన్సిలు మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు. "నా గాజు కారదు" అన్నాడు. "నువ్వు పూసిందే కదా."

మర్నాడు ఆఫీసు టైముకి ముందే ఓడ తాతగారి ఇంటికి వెళ్ళాం. పిన్ని ఆ రోజు కూర్చుని మాట్లాడింది. అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. సీసా బల్ల మీద పెట్టి, డ్రాపరు పక్కన పెట్టి, రబ్బరు చిరిగిన దగ్గర్నుంచి బేకరీ కాటా దాకా అన్నీ వరసగా చెప్పింది. "మీ మిషను చెప్పిందే నిజం. నాది తప్పు. ఎనిమిది నెలలుగా తప్పు" అంది.

తాతగారు సీసా అందుకుని ఒక చుక్క నాలుకకి రాసుకున్నాడు.

"పైనుంచి నింపుతూ పోయారు. ఏనాడూ ఒంపలేదు."

"లేదండీ."

"ఓడలో నేనూ ఒకసారి నూనె ట్యాంకుకి ఇదే చేశాను అమ్మాయ్. రెండు రోజులు నడిసముద్రంలో ఆగిపోయాం. కెప్టెను నన్ను అన్న మాటలు నీకు చెప్పకూడదు."

కోడలుగారు వాచీ చూసుకుంది, కానీ లేవలేదు.

"మిగతా ఇళ్ళలో చెప్పారా?"

"బేకరీలో చెప్పాను. మిగతావాళ్ళకి ఇవాళ, రేపు."

"వాళ్ళు మానేస్తే?"

"మానేస్తారు కొందరు."

ఆవిడ నెమ్మదిగా అంది. "అక్కా, మీరిలా వచ్చి చెప్పడం నాకు చాలా పెద్ద విషయం. కానీ నా నిర్ణయం మారదు. ఇప్పుడింకా గట్టిపడింది. మీలాంటి మనిషికే ఇలా జరిగిందంటే, ఒక మనిషి, ఒక సీసా మీద ఇదంతా వదిలెయ్యలేను. ఒకటో తారీకు నుంచి వాళ్ళే చూస్తారు."

పిన్ని తల ఊపింది. ఆ మాట ఆమెకి తగిలిందని మొహంలో కనిపించింది. ఆవిడ చెప్పింది తప్పని మాత్రం పిన్ని అప్పుడూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు.

"అప్పటిదాకా రానివ్వండి" అంది. "ఒకేసారి దించకూడదు. రోజుకి అయిదారు లీటర్లు తీసి ఉప్పులేని నీళ్ళు పొయ్యాలి. పది రోజులు పడుతుంది. రోజూ పొద్దున్నే వస్తాను. మీ మిషనే చూసి చెప్పండి, ఎంత దిగిందో."

అలాగే పది రోజులు వెళ్ళాం. పిన్ని చిన్న బకెట్టుతో తీస్తుంది, నేను మంచినీళ్ళు సన్నటి గొట్టంతో కింది అరలో, పెద్ద తొట్టె నీళ్ళు దిగే చిన్న తొట్టెలోకి బొట్లు బొట్లుగా వదులుతాను. కోడలుగారు ఫోను చూసి అంకె పైకి చదువుతుంది. ముప్పై ఎనిమిది, ముప్పై ఏడు పాయింట్ ఏడు, ముప్పై ఏడు పాయింట్ మూడు. పిన్ని కొత్త సీసా, కొత్త డ్రాపర్లతో తను కూడా కొలిచేది. రెండు అంకెలూ కలిసినప్పుడు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. ఆరో రోజుకి కోడలుగారు ఆ కొలిచే సాధనం ఒకసారి నాకూ ఇవ్వండి అని తనే కన్ను పెట్టి చూసింది. "ఏంటక్కా, నీలమే కనిపిస్తోంది" అంది. మూత తెరిచిపెట్టి చూస్తోంది.

మధ్యలో మిగతా ఇళ్ళన్నీ తిరిగాం. ప్రతిచోటా పిన్ని అదే కథ మొదట్నుంచీ చెప్పింది, ఒక్క ముక్క తగ్గించకుండా. ఇద్దరు ఇక రావద్దన్నారు. ఒకాయన తలుపు తీసి పట్టుకునే విన్నాడు, కూర్చోమనలేదు. పళ్ళ డాక్టరుగారు మాత్రం తన మీదే జోకు వేసుకున్నారు. "నేనూ ఒకసారి పక్క పన్ను పీకాను. ఆయన ఇప్పటికీ నా దగ్గరికే వస్తాడు. భయంతో అనుకుంటా."

ఒకటో తారీకు పొద్దున్న ముప్పై అయిదు పాయింట్ ఒకటి. పెద్దకూతురు సగానికి పైగా విచ్చుకుంది. తెల్లబడిన మూడు కొమ్మలు మాత్రం అలాగే ఉన్నాయి. అవి ఇక రావు.

కంపెనీ మనిషి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, చొక్కా జేబు మీద కంపెనీ బొమ్మ, చేతులు మాత్రం పిన్ని చేతుల్లాగే వేళ్ళ సందుల్లో పగిలి ఉన్నాయి. పిన్ని ఆయనకి తొమ్మిదేళ్ళ నోటుబుక్కులు ఇచ్చింది. ఆయన నిలబడే తిరగేశాడు. "వారానికి ఒకటే మార్పా?" అన్నాడు. "మా దగ్గర ఇలా రాసేవాళ్ళు లేరండీ."

"ఎనిమిది నెలల ఉప్పు అంకెలు నమ్మకండి. వాటి మీద గీత కొట్టాను. మిగతావి నమ్మొచ్చు" అంది పిన్ని.

తాతగారు కర్ర పట్టుకుని లేచి తొట్టె దగ్గరికి వచ్చాడు. "అమ్మాయికి ఒక కొమ్మ కోసి ఇవ్వండి. ఆమె పెంచిందే. ఇంటికి తీసుకెళ్ళి పెట్టుకుంటుంది."

కంపెనీ మనిషి సంచీలోంచి కటింగ్ ప్లయర్ తీశాడు. కోడలుగారు అప్పటికే గాజు గిన్నె తెచ్చింది. పిన్ని తొట్టె ముందు నిలబడి ఆ గుత్తుల్ని చాలాసేపు చూసింది. నేనైతే ఇంట్లో ఏ మూల పెట్టాలో అప్పుడే ఆలోచించేశాను.

"వద్దండీ. ఇప్పుడు కోస్తే తట్టుకోదు. ఇప్పుడే తేరుకుంటోంది. ఆరు నెలలు ఆగాలి."

"ఒక్క కొమ్మకేమవుతుందమ్మా, చివర్న తీస్తాను" అన్నాడు కంపెనీ మనిషి.

"చివర్నైనా సరే. కోసినచోట కుళ్ళు పడితే మొత్తానికి పాకుతుంది. ఆరు నెలలు ఎవరు అడిగినా ముట్టుకోకండి. నేను అడిగినా."

ఆయన ప్లయర్ లోపల పెట్టేసి, నోటుబుక్కు చివరి పేజీ తీసి ఆ మాట రాసుకున్నాడు. కోడలుగారు గోడ మీది క్యాలెండరు ఆరు కాగితాలు పైకెత్తి, ఒక తేదీ చుట్టూ సున్నా చుట్టి, "ఆ రోజు మీరు రావాలి అక్కా, కొయ్యడానికి" అంది.

"ఈయన కోస్తారులెండి. ఆయన చేతులు చూశాను."

"ఆయన కోస్తారు. మీరు పక్కన నిలబడి ఎక్కడ కొయ్యాలో చెప్పండి."

పిన్ని ఒప్పుకుంది. బకెట్లో బకెట్టు పెట్టి, సంచీ భుజానికి తగిలించుకుని, తాతగారికి చెప్పి బయటికి వచ్చింది. లిఫ్టు రావడం ఆలస్యమైతే మెట్లు దిగడం మొదలుపెట్టింది. పదకొండింటికల్లా డాక్టరుగారి క్లినిక్కులో ఉండాలి. అక్కడ ఉప్పు ఇంకా ముప్పై ఏడే.